ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ మళ్లీ మళ్లీ ఫెయిల్ అవుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి!

ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా: సాగర్ హైవే మీద శేరిగూడ, మంగల్‌పల్లి, ఖానాపూర్ వైపు వెళ్తే వరుసగా ఇంజినీరింగ్ కాలేజీలే. వాటి చుట్టూ హాస్టళ్లు, అద్దె గదులు. ప్రతి గదిలో కనీసం ఒక ల్యాప్‌టాప్. కొత్తది కొనుక్కున్నవాళ్లు కొందరైతే, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవాళ్లు మరికొందరు. ల్యాబ్ రికార్డులు, మేజర్ ప్రాజెక్టు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ టెస్టులు... అన్నీ దాని మీదే నడుస్తాయి. అలాంటి ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ ఫెయిల్ అయితే? రీస్టార్ట్ కొడితే 30 శాతం దాకా వెళ్లి ఆగిపోతుంది. "మార్పులను వెనక్కి తీసుకుంటున్నాం" అన్న అర్థంలో ఓ మెసేజ్ వస్తుంది. మళ్లీ పాత స్క్రీనే. రేపు మళ్లీ ఇదే కథ.

విసుగొచ్చి షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ఒక్కటే. "ఫార్మాట్ కొట్టేద్దాం, సెట్ అవుతుంది." నిజమే, సెట్ అవుతుంది. కానీ దాంతో పాటే ప్రాజెక్టు ఫైళ్లు, ఇన్‌స్టాల్ చేసుకున్న సాఫ్ట్‌వేర్లు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా పోవచ్చు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే! అప్‌డేట్ ఫెయిల్ అవ్వడం అనేది జ్వరం లాంటిది. జ్వరమే రోగం కాదు, లోపల ఏదో ఉందని చెప్పే లక్షణం. ఆ కారణం పట్టుకుంటే చాలా కేసుల్లో ఒక్క ఫైలు కూడా పోకుండా బాగవుతుంది. ఫార్మాట్ అనేది ఆఖరి మందు, మొదటి మందు కాదు.

మరి ఏం చూడాలి? ఏ వరుసలో చూడాలి? స్టెప్ బై స్టెప్ తెలుసుకుందాం.

అసలు అప్‌డేట్ అంత అవసరమా?

"అప్‌డేట్ ఆఫ్ చేసేస్తే గొడవే ఉండదు కదా?" అని చాలామంది అంటుంటారు. దీనికి సమాధానం 2017లోనే దొరికింది. ఆ ఏడాది మే 12న వనాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. కంప్యూటర్‌లోని ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టమని అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పలు పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇక్కడ అసలు విషయం ఏంటంటే... ఆ దాడికి వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చేసింది. అంటే దాదాపు రెండు నెలల ముందే! ఆ అప్‌డేట్ పడిన కంప్యూటర్లలోకి వనాక్రై ఆ దారిన జొరబడలేకపోయింది.

2024 జులై 19 సంగతి గుర్తుందా? శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చిన రోజు. ఆ ఫొటోలు చూసి "అప్‌డేట్ పెడితే ఇదే గతి" అనుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ అది విండోస్ అప్‌డేట్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన తప్పుడు ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆ సాఫ్ట్‌వేర్ పెద్ద పెద్ద సంస్థలు వాడేది. స్టూడెంట్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఉండదు.

స్టెప్ 1: ముందు ఫైళ్లు కాపాడుకోండి

ఏ రిపేరు మొదలుపెట్టినా ముందు బ్యాకప్. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. "నా ఫైళ్లు డీ డ్రైవ్‌లో ఉన్నాయి, సేఫ్" అనుకుంటారు. చాలా ల్యాప్‌టాప్‌లలో సీ డ్రైవ్, డీ డ్రైవ్ రెండూ ఒకే డిస్క్‌లో గీసుకున్న రెండు గదులు. డిస్క్ పోతే రెండూ పోతాయి. షాపులో పార్టిషన్లు తీసేసి కొత్తగా వేసినా డీ డ్రైవ్ ఖాళీ అవుతుంది. కాబట్టి ముఖ్యమైనవి బయట డిస్క్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో, గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేయండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మర్చిపోవద్దు. ఇవి మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన విషయం బిట్‌లాకర్. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తాళం మనకు తెలియకుండానే పడి ఉండొచ్చు. రిపేరు మధ్యలో స్క్రీన్ నీలంగా మారి 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది లేకుండా మీ ఫైళ్లు మీకే దొరకవు. విండోస్‌లో ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యారో అదే అకౌంట్‌తో ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి, డివైజెస్ విభాగంలో రికవరీ కీ ఉందేమో చూడండి. ఉంటే పేపర్ మీద రాసిపెట్టుకోండి. ఈ ఐదు నిమిషాల పని తర్వాత చాలా ఏడుపును తప్పిస్తుంది.

స్టెప్ 2: ఎర్రర్ కోడ్ రాసుకోండి

సెట్టింగ్స్ ఓపెన్ చేసి విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లండి. అక్కడ అప్‌డేట్ హిస్టరీ ఉంటుంది. ఏ అప్‌డేట్ ఫెయిల్ అయ్యిందో, దాని కేబీ నంబర్ ఎంతో అందులో కనిపిస్తుంది. ఫెయిల్ అయినప్పుడు ఎర్రర్ కోడ్ కూడా చూపిస్తుంది. సున్నా, ఎక్స్‌తో మొదలై తర్వాత ఎనిమిది అక్షరాలు, అంకెలు ఉంటాయి. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోండి చాలు. ఇది డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు థర్మామీటర్ పెట్టుకోవడం లాంటిది.

తరచుగా కనిపించే కోడ్‌లు, వాటి అర్థాలు ఇవీ:

- 80070070: డిస్క్‌లో చోటు లేదు.
- 80072తో మొదలయ్యేవి: ఇంటర్నెట్ కనెక్షన్ సమస్య. లేదా ల్యాప్‌టాప్‌లో తేదీ, టైమ్ తప్పుగా ఉండటం.
- 80070005: ఏదో ఫైలునో, ఫోల్డర్‌నో మార్చడానికి అనుమతి దొరకలేదు. యాంటీవైరస్ అడ్డుపడుతోందేమో చూడాలి.
- 80073712, 800ఎఫ్081ఎఫ్: విండోస్ సొంత ఫైళ్లు పాడయ్యాయి, లేదా కొన్ని దొరకడం లేదు.
- 80070643: ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోయింది. కారణాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి.

ఈ చివరి కోడ్‌కు ఓ కథ ఉంది. 2024 జనవరి 9న విండోస్ 10 కోసం మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇచ్చింది. కేబీ 5034441 దాని నంబర్. రికవరీ కోసం డిస్క్‌లో దాచి ఉంచే చిన్న పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ ఉంటేనే అది ఎక్కుతుంది. చాలా కంప్యూటర్లలో ఆ చోటు లేదు. దాంతో ప్రపంచవ్యాప్తంగా ఎంతోమందికి 80070643 కోడ్‌తో ఫెయిల్ అయ్యింది. సీ డ్రైవ్‌లో వంద జీబీ ఖాళీ ఉన్నా ఫెయిలే! తప్పు వాడేవాళ్లది కాదు, ల్యాప్‌టాప్‌దీ కాదు. అప్పుడు ఫార్మాట్ కొట్టించినవాళ్లు అనవసరంగా కొట్టించినట్టే. అందుకే ముందు కోడ్, కేబీ నంబర్ చూడాలి. ఆ నంబర్‌తో వెతికితే ఆ సమస్య మీ ఒక్కరిదా, అందరిదా అన్నది తేలిపోతుంది. అందరిదైతే మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసేదాకా ఆగడమే బెటర్.

ఇక్కడ ఓ ఊరట ఉంది. విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. మన టైమ్ ప్రకారం మంగళవారం రాత్రి పదిన్నర, పదకొండున్నర ప్రాంతంలో. అందుకే మన ల్యాప్‌టాప్‌లలో బుధవారం పొద్దున్నే ఆ నోటిఫికేషన్ కనిపిస్తుంది. ఈ నెలవారీ అప్‌డేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అంటే ఈ నెలదానిలో పోయిన నెలది కూడా కలిసే ఉంటుంది. ఒక నెల ఫెయిల్ అయ్యి, తర్వాతి నెల సక్సెస్ అయితే పాతదాని కోసం బాధపడక్కర్లేదు. వరుసగా రెండు మూడు నెలలు ఫెయిల్ అవుతుంటే మాత్రం అశ్రద్ధ చేయొద్దు.

స్టెప్ 3: చిన్న కారణాలు ముందు తీసేయండి

చోటు: సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో చూడండి. పెద్ద వెర్షన్ అప్‌డేట్ అయితే కనీసం 20 జీబీ ఖాళీ పెట్టుకోండి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి అనవసరమైనవి తీసేయొచ్చు. అయితే అందులో డౌన్‌లోడ్స్ అనే ఆప్షన్‌కు టిక్ ఉందేమో చూసుకోండి. ఉంటే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం ఖాళీ అయిపోతుంది!

నెట్: హాస్టల్‌లో ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగిస్తున్నారా? ఆ కనెక్షన్‌ను మీటర్డ్‌గా పెట్టి ఉంటే విండోస్ చాలా అప్‌డేట్లను తనంతట తాను డౌన్‌లోడ్ చేయదు. డేటా మిగిల్చాలన్నది దాని ఉద్దేశం. నెలల తరబడి అప్‌డేట్లు పడకపోవడానికి ఇదీ ఓ కారణమే. కాలేజీలోనో, ఇంట్లోనో మంచి వైఫై దొరికినప్పుడు చేయండి. వీపీఎన్ ఉంటే ఆపేయండి.

తేదీ, టైమ్: పాత ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే చిన్న సెల్ అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్తుంది. తేదీ తప్పైతే మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో సురక్షిత కనెక్షన్ కుదరదు. అప్‌డేట్ ఫెయిల్. టైమ్‌ను ఆటోమేటిక్‌లో పెట్టండి. అయినా వెనక్కి వెళ్తుంటే సెల్ మార్పించండి.

పవర్: ఛార్జర్ పెట్టే అప్‌డేట్ మొదలుపెట్టండి. వర్షాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. బ్యాటరీ వీక్ అయిపోయిన ల్యాప్‌టాప్ అప్‌డేట్ మధ్యలో ఆగితే విండోస్ ఫైళ్లు సగం సగం మిగిలిపోయే ప్రమాదం ఉంది.

బయటి వస్తువులు: పెన్‌డ్రైవ్, ప్రింటర్, ఎక్స్‌టర్నల్ డిస్క్ లాంటివి తీసేసి ట్రై చేయండి. విడిగా వేసుకున్న యాంటీవైరస్ ఉంటే అప్‌డేట్ అయ్యేదాకా అన్‌ఇన్‌స్టాల్ చేసి చూడొచ్చు. అది లేకపోతే విండోస్‌లోనే ఉండే డిఫెండర్ పని మొదలుపెడుతుంది.

ఇవన్నీ అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్! విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా లోపలి వ్యవస్థ పూర్తిగా మూతపడదు. రీస్టార్ట్ చేస్తేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది.

స్టెప్ 4: విండోస్‌తోనే రిపేరు చేయించండి

ఇంకా ఫెయిల్ అవుతోందా? టెన్షన్ పడొద్దు. విండోస్‌లోనే రిపేరు సాధనాలు ఉన్నాయి.

మొదటిది ట్రబుల్‌షూటర్. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, ట్రబుల్‌షూట్, అదర్ ట్రబుల్‌షూటర్స్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్ పక్కన రన్ నొక్కాలి. చిన్న చిక్కులైతే ఇదే విప్పేస్తుంది.

రెండోది సగం డౌన్‌లోడ్ అయ్యి పాడైన ఫైళ్లను తీసేయడం. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి ఓపెన్ చేయండి. జాబితాలో విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్ అని రెండుంటాయి. రెండింటినీ స్టాప్ చేయండి. తర్వాత సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, దానిలో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, దానిలో డౌన్‌లోడ్ ఫోల్డర్ ఓపెన్ చేసి లోపల ఉన్నవన్నీ డిలీట్ చేసి రీస్టార్ట్ చేయండి. ఇవి మీ ఫైళ్లు కావు, అప్‌డేట్ కోసం దించుకున్న ముక్కలు. విండోస్ మళ్లీ కొత్తగా దించుకుంటుంది.

మూడోది పాడైన విండోస్ ఫైళ్లను సరిచేయడం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్‌ను అడ్మిన్‌గా తెరవండి. ఇక్కడ రెండు కమాండ్లు ఇంగ్లిష్‌లో టైప్ చేయాలి. మొదటిది: డీఐఎస్ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రిస్టోర్‌హెల్త్. క్లీనప్‌కు, ఇమేజ్‌కు మధ్య హైఫన్ తప్ప ఖాళీ ఉండకూడదు. రిస్టోర్‌హెల్త్ కలిపి రాయాలి. ఇది మంచి ఫైళ్లను మైక్రోసాఫ్ట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ ఉండాలి. మధ్యలో ఒకే శాతం దగ్గర చాలాసేపు ఆగినట్టు కనిపించొచ్చు. మూసేయొద్దు. అది పూర్తయ్యాక రెండో కమాండ్: ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ. ఇదీ పూర్తయ్యాక రీస్టార్ట్ చేసి అప్‌డేట్ మళ్లీ ట్రై చేయండి.

నాలుగోది చాలామందికి తెలియని ఆప్షన్. విండోస్ 11 కొత్త వెర్షన్లలో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్తే "విండోస్ అప్‌డేట్ ద్వారా సమస్యలు సరిచేయండి" అనే అర్థం వచ్చే లైన్ ఉంటుంది. పక్కనే రీఇన్‌స్టాల్ నౌ బటన్. పేరు చూసి భయపడొద్దు. ఇది విండోస్‌ను దాని మీదే మళ్లీ పేరుస్తుంది. మీ ఫైళ్లు, యాప్‌లు, సెట్టింగ్స్ అలాగే ఉంటాయి. దీనికి కాస్త కింద ఉండే రీసెట్ దిస్ పీసీ మాత్రం వేరు. అందులో కీప్ మై ఫైల్స్ ఎంచుకున్నా ఫైళ్లు ఉంటాయి కానీ మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి. ఈ రెండింటికీ తేడా తెలియక నష్టపోవద్దు.

ఆ బటన్ లేని ల్యాప్‌టాప్‌లలో ఇదే పని మరోలా చేయొచ్చు. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచి విండోస్ ఐఎస్‌ఓ ఫైలు దించుకుని, విండోస్ నడుస్తుండగానే దాన్ని ఓపెన్ చేసి సెటప్ నొక్కాలి. ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచు అన్న ఆప్షన్ ఎంచుకోవాలి. ఆ ఆప్షన్ ఎంచుకోవడానికి వీల్లేకుండా మసకగా కనిపిస్తే ముందుకు వెళ్లకండి. భాషో, ఎడిషనో తేడా ఉందని అర్థం.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అయితే ఇది తప్పక చూడండి

సికింద్రాబాద్ సీటీసీలోనో, ఆన్‌లైన్‌లోనో తక్కువ ధరకు దొరికే పాత ల్యాప్‌టాప్‌లలో చాలావరకు కంపెనీలు వాడి వదిలేసినవే. వాటిలో రెండు రకాల సమస్యలు వస్తాయి.

ఒకటి, పాత కంపెనీ తాళం. అప్‌డేట్ పేజీలో "కొన్ని సెట్టింగ్స్ మీ సంస్థ నియంత్రణలో ఉన్నాయి" అనే అర్థం వచ్చే లైన్ కనిపిస్తోందా? మీకు సంస్థే లేనప్పుడు ఆ లైన్ ఎందుకు? పాత యజమాని పెట్టిన నిబంధనలు అలాగే మిగిలిపోయి ఉండొచ్చు. అప్‌డేట్లు కంపెనీ సర్వర్ నుంచి తెచ్చుకోమని అందులో రాసి ఉంటే, ఆ సర్వర్ మీకు అందదు కాబట్టి ఎన్నిసార్లు ట్రై చేసినా ఫెయిలే. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్‌లో తెలియని సంస్థ పేరు ఉందేమో చూడండి. ఉంటే అమ్మినవాళ్లనే అడగండి. కొన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఆ కంపెనీ లాగిన్ పేజీయే మళ్లీ వస్తుంది. దాన్ని తీయాల్సింది ఆ కంపెనీయే.

రెండోది, క్రాక్ చేసిన విండోస్. ఒరిజినల్ కీ లేకుండా యాక్టివేట్ చేసే టూల్స్ కొన్ని అప్‌డేట్ సర్వీస్‌నే ఆపేస్తాయి. "లైట్" వెర్షన్ అంటూ తిరిగే విండోస్‌లలో అప్‌డేట్ భాగాన్నే కోసేస్తారు. అలాంటప్పుడు పై స్టెప్పులు ఏవీ పనిచేయవు. పైగా ఆ టూల్స్‌తో పాటు వైరస్ రావడం కొత్తేమీ కాదు. ఇలాంటి ల్యాప్‌టాప్‌కు మాత్రం బ్యాకప్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించిన అసలు విండోస్‌తో ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసుకోవడమే దారి. శుభవార్త ఏంటంటే, కంపెనీ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ ఇన్‌స్టాల్ చేసి నెట్ పెడితే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

విండోస్ 10 వాడుతున్నారా? సమస్య వేరే కావచ్చు

అప్‌డేట్ ఫెయిల్ అవ్వడం వేరు, అప్‌డేట్ రాకపోవడం వేరు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత ల్యాప్‌టాప్ పనిచేస్తుంది కానీ మామూలుగా సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. దీనికి మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి, ల్యాప్‌టాప్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. సెట్టింగ్స్‌ను ఆ అకౌంట్‌కు సింక్ చేస్తే ఉచితంగానే చేరొచ్చు. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అన్న లింక్ కనిపిస్తుంది.

విండోస్ 11కు మారాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 చిప్, సెక్యూర్ బూట్ ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్, ఆపై ప్రాసెసర్లే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ వేస్తే మీ ల్యాప్‌టాప్‌కు అర్హత ఉందో లేదో చెప్పేస్తుంది. కొన్నింట్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది. ఆన్ చేస్తే సరి. అర్హత లేని ల్యాప్‌టాప్‌లో అడ్డదారిలో విండోస్ 11 ఎక్కిస్తామని చెప్పేవాళ్లుంటారు. ఎక్కుతుంది. కానీ అలాంటి వాటికి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్‌లు ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లపై బాగానే నడుస్తాయి. కాకపోతే కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ లైనక్స్ మీద పనిచేయదు. ప్లేస్‌మెంట్ సీజన్‌లో మారే ముందు ఆ సంగతి కనుక్కోండి.

విండోస్ 11 వాడేవాళ్లకూ ఓ మాట. ప్రతి వెర్షన్‌కూ ఓ గడువు ఉంటుంది. హోమ్, ప్రో ఎడిషన్లలో 23హెచ్2 గడువు 2025 నవంబర్ 11తో అయిపోయింది. స్టార్ట్‌లో విన్‌వర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే మీ వెర్షన్ తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకపోతే?

అప్‌డేట్ పర్సంటేజ్ దగ్గర ఆగిపోయిందని వెంటనే పవర్ బటన్ నొక్కేయొద్దు. పాత హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లకు గంటలు పట్టడం మామూలే. రెండు మూడు గంటలైనా కదలిక లేకపోతే అప్పుడు పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టి ఆఫ్ చేయండి. తర్వాత విండోస్ రావడం లేదా? ఆన్ అవుతుండగా అలాగే రెండుసార్లు ఆఫ్ చేస్తే మూడోసారి రికవరీ స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లోకి వెళ్లి చివరగా పడిన అప్‌డేట్‌ను తీసేయొచ్చు. ఫైళ్లకు ఏమీ కాదు. బిట్‌లాకర్ కీ అవసరం పడేది ఇక్కడే.

డిస్క్ నుంచి టిక్ టిక్ శబ్దం వస్తున్నా, ఫైళ్లు ఓపెన్ అవ్వడానికి చాలాసేపు పడుతున్నా అది అప్‌డేట్ సమస్య కాదు. డిస్కే చివరి దశలో ఉండొచ్చు. ముందు ఫైళ్లు బయటకు తీసి, డిస్క్ మార్పించండి. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ల్యాప్‌టాప్ స్పీడ్ కూడా పెరుగుతుంది.

టెస్ట్ ముందు రోజు వద్దు

ఎగ్జామ్ గానీ, ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్ టెస్ట్ గానీ ఉంటే ముందు రోజు రాత్రి అప్‌డేట్ జోలికి వెళ్లొద్దు. విండోస్ అప్‌డేట్ పేజీలో పాజ్ ఆప్షన్ ఉంది. ఒక వారం నుంచి ఐదు వారాల వరకు ఆపొచ్చు. టెస్ట్ అయ్యాక మర్చిపోకుండా మళ్లీ ఆన్ చేయండి.

షాపులో ఇవి అడగండి

పైవన్నీ చేసినా కాకపోతే షాపుకు వెళ్లాల్సిందే. మంచి మెకానిక్‌లు ఇబ్రహీంపట్నంలోనూ, ఎల్బీ నగర్‌లోనూ ఉన్నారు. అయితే ల్యాప్‌టాప్ చేతికిచ్చే ముందు ఈ ప్రశ్నలు అడగండి.

- ఎర్రర్ కోడ్ చూశారా? కారణం ఏంటి?
- ఫైళ్లు, యాప్‌లు ఉంచి రిపేర్ ఇన్‌స్టాల్ చేయడం కుదురుతుందా?
- ఫార్మాట్ తప్పదంటే సీ డ్రైవ్ ఒక్కటేనా, డీ డ్రైవ్ కూడానా?
- వేసేది ఒరిజినల్ విండోసేనా? యాక్టివేషన్ దేనితో చేస్తారు?
- డిస్క్ హెల్త్ టెస్ట్ చేసి చూపిస్తారా?

బ్యాకప్ వాళ్లు తీస్తారులే అని వదిలేయొద్దు. అది మీ పనే. ఎస్‌ఎస్‌డీలో ఒకసారి ఫార్మాట్ అయిపోయాక డేటా వెనక్కి రావడం చాలా కష్టం.

ఈ కాల్స్ వస్తే జాగ్రత్త!

అప్‌డేట్ ఎర్రర్ గురించి నెట్‌లో వెతికేటప్పుడు "మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అంటూ స్క్రీన్ నిండా పాప్‌అప్ రావొచ్చు. అది మోసం. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు. తనంతట తాను మీకు ఫోన్ చేసి ల్యాప్‌టాప్ బాగుచేస్తానని చెప్పదు. ఎవరైనా రిమోట్ యాప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా కట్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

మొత్తంగా గుర్తుంచుకోవాల్సిన వరుస ఇదీ: బ్యాకప్, ఎర్రర్ కోడ్, చోటు-నెట్-టైమ్, ట్రబుల్‌షూటర్, రెండు కమాండ్లు, ఫైళ్లు ఉంచే రీఇన్‌స్టాల్. ఇవన్నీ అయ్యాకే ఫార్మాట్. నాలుగేళ్ల చదువు దాచుకున్న ల్యాప్‌టాప్‌కు ఒక్క సాయంత్రం కేటాయిస్తే చాలాసార్లు ఆ చివరి మాట దాకా వెళ్లాల్సిన పనే ఉండదు.